నేను చెయ్యెత్తలేదు, అయితే ఏంటంట?

ఇవాళ మే 12 కదా, మా హాస్పిటల్‌లో నర్సెస్ డే చేశారు. కేకు, తలా ఒక గులాబీ, కొవ్వొత్తి పట్టుకుని ప్రతిజ్ఞ. ఇది ప్రతి ఏడూ ఉండేదే. ఈసారి కొత్తగా ఒక మోటివేషన్ సారుని పిలిపించారు. ఆయన మైకు పట్టుకుని, "మళ్లీ జన్మంటూ ఉంటే నర్సుగానే పుడతాం అనేవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. ముందు వరసలో ఎండీ గారు, పక్కనే మేట్రన్ మేడమ్. ఎత్తరా మరి? హాలంతా చేతులే. నేను ఎత్తలేదు. కేకు ముక్క ఇంకా చేతిలో ఉండగానే మేట్రన్ మేడమ్ పిలిచి, "ఏంటమ్మా, ఇష్టం లేకుండా చేస్తున్నావా? బయట చేరడానికి చాలామంది ఉన్నారు" అన్నారు. అడిగేదీ వాళ్లే, జవాబూ వాళ్లకు నచ్చిందే కావాలి. ఇంక అడగడం ఎందుకండీ?

జులై 1న డాక్టర్స్ డే చేస్తారు. అప్పుడు డాక్టర్లని ఇలా చెయ్యెత్తమని అడిగే ధైర్యం ఆ సారుకి ఉందా? మమ్మల్ని మాత్రం అడుగుతారు. ఎందుకంటే మాది సేవ. సేవ అన్నాక జీతం మాటెత్తితే పాపం. కొండ మీద శ్రీవారి సేవకి వచ్చేవాళ్లు కూడా వారం చేసి, దర్శనం చేసుకుని ఇంటికెళ్తారు. మా వారం ఎప్పుడవుతుందో ఆ స్వామికే తెలియాలి.

జీతం అంటే గుర్తొచ్చింది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల సంగతి తేల్చడానికి కమిటీ వెయ్యమంది. 50 పడకల లోపు ఆస్పత్రి అయినా 20 వేలకి తగ్గకూడదని, 200 పడకలు దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఈ మాట మా హెచ్‌ఆర్ అబ్బాయితో అంటే, "అది సిఫారసే కదా సిస్టర్" అని నవ్వాడు. కేరళ నర్సులు సమ్మె చేస్తామని కూర్చుంటే 2018లో అక్కడి ప్రభుత్వం 20 వేలు కనీస వేతనమని నోటిఫికేషన్ ఇచ్చింది. మనమేమో గులాబీ పట్టుకుని ఫొటో దిగుతాం. ఆ ఫొటో సాయంత్రానికల్లా హాస్పిటల్ ఇన్‌స్టాగ్రామ్‌లో.

జనరల్ వార్డులో అయిదుగురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ అంటుంది. నవ్వొస్తుంది నాకు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చే రోజు చూడండి, ఎక్కడెక్కడి నుంచో సిస్టర్లు ప్రత్యక్షమవుతారు, కొందరి మొహాలు మేం అంతకుముందు చూసుండం. ఇన్‌స్పెక్షన్ కారు గేటు దాటగానే మళ్లీ వార్డంతా ఒక్కదాని నెత్తిన. సెలైన్ మార్చాలి, మందులు ఇవ్వాలి, కేస్ షీట్ రాయాలి, ఎవరికో జ్వరం ఎక్కువైతే డాక్టరుకి ఫోన్ చేసి ఎందుకు నిద్రలేపావని తిట్లు తినాలి. ఫోన్ చెయ్యకపోతే పొద్దున ఎందుకు చెయ్యలేదని తిట్లు. బ్రహ్మోత్సవాలప్పుడైతే ఆఫ్‌లు బంద్. గరుడ సేవ రోజు బస్సుల్లో కాలు పెట్టే సందుండదు, రోడ్లు సగం మూసేస్తారు, నడుచుకుంటూ నైట్ డ్యూటీకి వస్తే పది నిమిషాలు లేటని రిజిస్టర్‌లో ఎర్ర ఇంకు.

ఇక పేషెంటు తరఫువాళ్లు. వాళ్లకి రాయవేలూరు పిచ్చి, అదే తమిళనాడు వెల్లూరులోని సీఎంసీ ఆస్పత్రి. "మా చిత్తూరోళ్లమంతా రాయవేలూరుకే పోతాం, అక్కడ నర్సులు ఎంత ఓపిగ్గా చూస్తారో" అని నా ముందే అంటారు. నిజమే స్వామీ, అది 1946లోనే బీఎస్సీ నర్సింగ్ పెట్టిన చోటు, చదువు చెప్పి పంపిస్తారు. మాకు చేరిన మూడో రోజే ఒంటరిగా నైట్ వేశారు. పైగా చేరేటప్పుడు మా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఇన్నాళ్లు ఇక్కడే చేస్తామని రాసిచ్చిన బాండు అయ్యేదాకా ఇవ్వరట. నా చదువు కాగితం నేను చూడాలంటే ఇంకొకరి తాళం కావాలి. ఈ జన్మకే దిక్కులేదు, మళ్లీ జన్మలోనా?

ఇంతకీ అసలు మంట ఇది కాదు. నాకు సంబంధాలు చూసేటప్పుడు మా మేనత్త వాళ్ల బంధువులు వచ్చారు. పిల్లాడికి ఏదో ప్రైవేటు ఉద్యోగం. అంతా కుదిరినట్టే ఉంది. కాఫీలు తాగాక పిల్లాడి తల్లి గొంతు తగ్గించి, "నర్సు పనంటే రాత్రిళ్లు కూడా పోవాలంట కదా, మగ పేషెంట్లకి కూడా..." అని ఆపేసింది. ఆ చుక్కల్లో ఏముందో నాకు బాగా తెలుసు. తర్వాత కబురు లేదు. అదే ఆయమ్మ, కాలు విరిగి మా వార్డులో పడినప్పుడు బెడ్‌పాన్ పెట్టింది నేనే. నన్ను గుర్తుపట్టి మరీ "మన పిల్లే" అని పక్క మంచమ్మకి చెప్పుకుంది!

మొన్న మా మేనత్త ఫోన్. వాళ్ల చిన్నోడికి అమ్మాయిని చూస్తున్నారంట. "మీ హాస్పిటల్‌లో జర్మనీ పోయే నర్సులెవరైనా ఉన్నారా? ఆ భాష పరీక్ష పాసయ్యి వీసాకి రెడీగా ఉన్నోళ్లయితే మేలు" అని. ఇప్పుడు నైట్ డ్యూటీ అడ్డం రాలేదు. జర్మనీలో రాత్రి కాదేమో. ఆ పరీక్షకి చదివే పిల్లలు ఇద్దరు మా డ్యూటీ రూంలోనే ఉన్నారు. వాళ్ల నంబర్లు నా ఫోన్‌లోనే ఉన్నాయి. అత్తా, ఇది చదువుతున్నావని తెలుసు, నేనైతే ఇవ్వను.