పాత్‌కు పెళ్లి పిలుపులు

లైనక్స్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చూసుకుని నడుచుకునే ఒక విలువ) మార్చడమంటే ఇంట్లో పెళ్లి చేయడమే. ఒకసారి చెబితే అందరికీ తెలిసిపోతుందనుకునేవాళ్లు ఇంకా పెళ్లి చేసి చూడనివాళ్లు.

నేను చేసిన ఘోరం ఇది: హోమ్‌లో ఉన్న నా బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో, అంటే కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే వేరియబుల్‌లో, కలిపాను. టెర్మినల్లో స్క్రిప్ట్ గుర్రంలా పరిగెత్తింది. దాన్నే, తెరవెనుక ప్రోగ్రాములను నడిపే సిస్టమ్‌డీకి అప్పగించి యూజర్ సర్వీసుగా పెడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’. మనిషీ అదే, మెషీనూ అదే, ఫైలూ అదే.

కొత్త పాత్ సంగతి చెప్పాల్సిన చోట్లన్నీ చుట్టాల్లాంటివే; ఎవరిని పిలవలేదో వెతకడం మొదలుపెట్టాను. బాష్ షెల్ (టెర్మినల్లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రాము) చదివే ఫైలు బాష్‌ఆర్‌సీ గారు ఎదురుగా టెర్మినల్ తెరిచి కూర్చుంటేనే వింటారు. ప్రొఫైల్ పెదనాన్న లాగిన్ వేళకు వస్తారు గానీ, బాష్‌ప్రొఫైల్ అనే తోడల్లుడు ఇంట్లో ఉంటే ఆయన్ని ఎవరూ పలకరించరు. ఈటీసీ ఎన్విరాన్‌మెంట్ గారికి డాలర్ హోమ్ అనే పొట్టిపేరు చెబితే అర్థం కాదు, డోర్ నంబరుతో సహా రాసివ్వాలి. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ తాతగారు తన రెండు మూడు డైరెక్టరీలు దాటి ఏనాడూ బయటికి రాలేదు. లాగిన్ వేళ చదివే ఫైలైన పామ్ ఎన్విరాన్‌మెంట్ బాబాయిని 2020లోనే పక్కన పెట్టారు. పాత సలహాల్లో మాత్రం ఇప్పటికీ ఆయన పేరే వినిపిస్తుంది.

ఇక అసలు అల్లుడుగారు, నా సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్. షెల్ ఫైళ్లు ఆయన ముట్టరు. ఆయన కోసం 2017లో, 233వ వెర్షన్‌తో, ‘ఎన్విరాన్‌మెంట్ డాట్ డీ’ అని వేరే గుమ్మం కట్టారు. అక్కడ బొట్టు పెట్టి పిలవాలి. పిలిచాను. లాగౌట్ అయి మళ్లీ వచ్చాను. రాలేదు. మళ్లీ వచ్చాను. రాలేదు. తీరా చూస్తే ఎప్పుడో లింగర్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంచాను. అంటే నేను వెళ్లిపోయినా అల్లుడుగారు కదలకుండా పాత పాత్ పట్టుకుని లోపలే కూర్చున్నారు!

‘దేనికది డాక్యుమెంట్‌లో ఉన్నట్టే పనిచేస్తోంది కదా’ అంటారు పెద్దలు. పనిచేస్తోంది, ఎవరు కాదన్నారు? కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు రాత్రి ఒంటిగంటకు ఆ ఎర్రలైను ముందు కూర్చుని, ‘ఇది కూడా రాదా నాకు’ అని తనను తాను తిట్టుకుంటుంటాడు. వాడికి ఏం చెబుతారు? ఆరు మాన్యువల్ పేజీలు చదువుకోమనా? ఒక్క విలువ రాసుకోవడానికి ఒక్క చోటు చూపించడం చేతకాక, చదవలేదని వాడినే వెక్కిరించడానికి సిగ్గుండాలి.

ప్రస్తుతానికి నా దగ్గర ఆ ఒక్క లైను నాలుగు ఫైళ్లలో ఉంది. నిన్న ఫోల్డర్ పేరు మార్చాను. ముగ్గురికి చెప్పాను. నాలుగో ఆయన ఎవరో గుర్తు రావడం లేదు.