ఆకు నలిగితేనే ఘాటు

తులసి మొక్క పక్కన ఊరికే నిలబడితే పెద్దగా వాసన రాదు. ఒక ఆకు తుంపి వేళ్ల మధ్య నలిపితే మాత్రం గుప్పుమంటుంది. దోమలు రాకుండా ఇంట్లో మొక్కలు పెంచుదామనుకునేవాళ్లు ముందు ఈ తేడా గమనించాలని నా కోరిక.

తులసి, పుదీనా ఆకుల మీద కంటికి ఆనీ ఆననంత చిన్న నూనె తిత్తులు ఉంటాయి. పురుగు కొరికినా, మనం నలిపినా అవి పగిలి, నూనె గాలిలో కలుస్తుంది. మొక్క పారిపోలేదు, తోలుకోనూ లేదు. అందుకే కొరికే నోటికి తగిలేలా ఘాటును ఆకులోనే దాచుకుంది. ఇది దాని ఆత్మరక్షణ. మన మంచానికి కాపలా కాయమని అడిగితే ఎలా?

ఆ ఘాటు పనిచేసే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పుదీనా కుటుంబానికే చెందిన క్యాట్‌నిప్ మొక్కలో నెపెటాలాక్టోన్ అనే పదార్థం ఉంది. దోమల్లో మంటను, చికాకును పసిగట్టే ఒక గ్రాహకాన్ని అది రేపుతుందని 2021లో పరిశోధకులు చూపించారు. అదే రకం గ్రాహకం మనుషుల్లోనూ ఉంది, కానీ నెపెటాలాక్టోన్‌కు అది స్పందించదు. మనకు అది ఉట్టి వాసన, దోమకు కారం చల్లినట్టు.

అన్ని పురుగులూ ఒకే వాసనకు పారిపోతాయనుకోవడమూ పొరపాటే. ఆవ, కాబేజీ జాతి మొక్కల ఘాటు చాలా పురుగులకు పడదు. కాబేజీ తెల్ల సీతాకోకచిలుక మాత్రం ఆ ఘాటుకు మూలమైన పదార్థాలనే ఆనవాలుగా పట్టుకుని అక్కడ గుడ్లు పెడుతుంది. లావెండర్ చుట్టూ తేనెటీగలు మూగుతాయి. వేపదైతే వేరే దారి. అందులోని అజాడిరాక్టిన్ పురుగుకు ఆకు తినబుద్ధి కాకుండా చేస్తుంది, తిన్నదాని ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇక దోమ సంగతి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చెమట వాసన పట్టుకుని అది వస్తుంది. కిటికీలో ఉన్న కుండీ వాటిని కప్పిపుచ్చలేదు. ‘దోమల మొక్క’ అని అమ్మే ఒక రకం జెరేనియంను 1996లో పరీక్షిస్తే, పక్కనే ఉన్నా దోమలు మామూలుగానే వాలాయి. నిమ్మగడ్డి జాతి నుంచి తీసే సిట్రోనెల్లా నూనె ఒంటికి రాసుకుంటే కొంత పనిచేస్తుంది. కాకపోతే త్వరగా ఆవిరైపోతుంది, చాలాసార్లు 2 గంటలు కూడా నిలవదు. నిమ్మ యూకలిప్టస్ నుంచి వచ్చే పీఎండీ అనే పదార్థం అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది, అయితే 3 ఏళ్లలోపు పిల్లలకు రాయకూడదు. చిక్కటి నూనెను పసివాళ్ల చర్మానికి నేరుగా పూసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. మొక్క నుంచి వచ్చిందే అయినా చర్మం మండుతుంది, దద్దుర్లు లేస్తాయి. డెంగీ తిరుగుతున్న చోట సువాసనను నమ్ముకుని దోమతెర మానేయడం ఇంకా ప్రమాదం.

మొక్కలు పెంచొద్దని నేననను. మా పుదీనా కుండీ అంటే నాకు ప్రాణం. ఒకరోజు దాని కింద పళ్లెం ఎత్తి చూస్తే, నిలిచిన నీళ్లలో దోమ లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఆ పళ్లెం బోర్లించి, గట్టిగా రుద్ది కడుగుతున్నాను.