కచేరీ తేదీ కూడా అచ్చువేయండి

బడిపిల్లల కోసం ఆర్కెస్ట్రా రచనల పోటీ పెట్టే ప్రతి సంస్థనూ మేం అడిగేది ఒక్కటే. గెలిచిన రచన ఏ రోజున, ఏ హాల్లో, ఏ పిల్లల ముందు మోగుతుంది?

పిల్లల సంగీతంలో కలకాలం నిలిచినవాటికి ఈ జవాబు ముందే ఉంది. 1936లో మాస్కోలో పిల్లల థియేటర్ నడుపుతున్న నటాలియా సాట్స్, తన ప్రేక్షకులకు వాద్యాలను పరిచయం చేసే రచన కావాలని రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్‌ను అడిగారు. ‘పీటర్ అండ్ ది వుల్ఫ్’ అలా పుట్టింది. కథకుడు కథ చెబుతుంటే ఒక్కో పాత్రకూ ఒక్కో వాద్యం పలుకుతుంది. పిట్టకు ఫ్లూట్, బాతుకు ఒబో, పిల్లికి క్లారినెట్, తాతకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు. తొందరలో తోడేలు బాతును నమలకుండానే మింగేస్తుంది. అందుకే కథ చివర జాగ్రత్తగా వినమంటాడు కథకుడు. పిల్లలు చెవులు రిక్కిస్తారు. తోడేలు కడుపులోంచి ఒబో వినిపిస్తుంది! అరగంట కిందట పేరైనా తెలియని వాద్యాన్ని గొంతునుబట్టి గుర్తుపడతారు. ఏ పాఠ్యపుస్తకం నేర్పగలదు దీన్ని?

పదేళ్ల తరవాత, వాద్యాలను పరిచయం చేసే విద్యా చిత్రం కోసం బ్రిటన్‌లో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల స్వరకర్త పర్సెల్ బాణీ ఒకటి తీసుకున్నారు. ఒక్కో వాద్యానికీ దాన్ని అప్పగించి, చివర పికోలోతో మొదలెట్టి అన్నిటినీ ఫ్యూగ్‌లో కలిపారు. ఒకే బాణీని వాద్యాలు ఒకదాని వెనక ఒకటి అందుకుని అల్లుకుపోయే ఫ్యూగ్ అంటే పండితులకే పరీక్ష. పిల్లలు కదా అని ఆయన స్థాయి తగ్గించలేదు. ఈ ఇద్దరూ పోటీకి రాసినవారు కారు. కలం పట్టేనాటికే వినేదెవరో వారికి తెలుసు.

స్కోరు కాగితాలు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ రాసిన ప్రతులు, మాత్రమే చదివి విజేతను తేల్చే పోటీలో ఆ సంగతే తప్పిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడ కదలకుండా కూర్చుందో, ఎక్కడ పక్కపిల్లను గిల్లిందో కాగితం చెప్పదు. తుది వడపోత పిల్లల ముందే జరగాలన్నది మా పట్టుదల. ఒక్కో కళాకారుడికీ విడిగా రాయించాల్సిన పార్టుల ఖర్చు, రిహార్సళ్ల ఖర్చు నిర్వాహకులే భరించాలి. గెలిచిన రచన ఒక్క సాయంత్రం మోగి బీరువాలో పడితే చాలదు, మరుసటేడు ఇంకో ఊరి పిల్లలకూ వినిపించాలి. రాసే అవకాశమూ పిల్లలకు ఇవ్వవచ్చు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ అనే పెద్ద తీగవాద్యం వాయించిన జాన్ డీక్ మొదలుపెట్టిన కార్యక్రమంలో చిన్నపిల్లలు తమ మనసులోని రాగం చెబితే, నొటేషన్ రాయడానికి పెద్దలు సాయపడతారు.

మన దగ్గర ఇది ఊహకందనిదేమీ కాదు. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేసి, దాన్ని నడిపించారు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలను మైకు ముందు కూర్చోబెట్టారు. వీణ, వేణువు, నాదస్వరం, డోలు, డప్పు కలిసి పలికే పావుగంట రచనకు తెలుగు రాష్ట్రాల సంగీత కళాశాలలు పోటీ పెట్టాలి. మొదటి కచేరీ ఏదైనా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో జరగాలి. ప్రకటనలో ఎంట్రీల గడువు పక్కనే ఆ కచేరీ తేదీ కూడా అచ్చు వేయాలి.