శ్రీ వీడ్కోలు సభ గారి సముఖమునకు

మహారాజశ్రీ వీడ్కోలు సభ గారికి, దేవరకొండ ప్రాంతంలో ఎనిమిదేళ్లు మిషన్ సేవ చేసి, ఇప్పుడు నల్లమల మీది మన్ననూరుకు బదిలీ అయి వెళ్తున్న ఒక సువార్తికుడు వందనాలు చేసి రాయునది.

ఉభయకుశలోపరి. మీ దయవల్ల నేనిప్పుడు మహాత్ముణ్ణి. పోయిన ఆదివారం ఉదయం పది గంటల దాకా ఈ ఊళ్లో నేను వాక్యం సాగదీసే పాస్టరును, పెండ్లి ప్రార్థనకు పప్పన్నం వేళకు వచ్చే అయ్యగారిని, మందిరం రేకులు కురుస్తున్నాయని మూడు వానాకాలాలుగా మొత్తుకుంటున్నా చెవిన పెట్టని మనిషిని. పదకొండు గంటలకు మీరు ప్రారంభమయ్యారు. మధ్యాహ్నం మూడున్నరకు మీరు ముగిసేసరికి నాలో వెతికినా ఒక్క లోపం మిగల్లేదు. ఎనిమిదేళ్ల ఉపవాస ప్రార్థనలు నాలో తేలేని మార్పును నాలుగున్నర గంటల్లో తెచ్చిన మీ శక్తికి ముందుగా తలవంచుతున్నాను. తల వంచడం ఎలాగూ అలవాటైంది. దండ వేసినప్పుడల్లా వంచాల్సిందే కదా.

మీరు నాకు కొత్త కాదు. గద్వాల వైపు ఒకసారి, నకిరేకల్ వైపు ఒకసారి, ఇప్పుడు దేవరకొండ వైపు, మూడు చోట్లా మీరే వచ్చారు. ఊరు మారినా మీరు మారలేదు. అదే కూతపెట్టే మైకు, అదే గోడ గడియారం కానుక, 'రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను' అని లేచి అరగంట తర్వాత మొదటి మాటకు వచ్చే అదే వక్త. ఈసారి ఫ్లెక్సీ మాత్రం కొత్త పుంతలు తొక్కింది. పదేళ్ల కిందటి నా ఫొటో పెట్టి, దాని కింద 'కన్నీటి వీడ్కోలు' అని ఎర్రటి అక్షరాలు వేసి, అక్షరాల అంచుల నుంచి చుక్కలు కారుతున్నట్టు డిజైను చేయించారు. బస్సు కిటికీలోంచి దాన్ని చూసిన పక్క ఊరి విశ్వాసులు ఇద్దరు నేను ప్రభువునందు నిద్రించానని నిశ్చయించుకొని, దిగి, దండలు కొనుక్కొని మరీ వచ్చారు. దండలు వృథా పోలేదు. నిలబడి ఉన్న నా మెడలోనే వేసి, దగ్గరికి తీసుకొని, 'మంచిదే అయింది అయ్యగారూ' అన్నారు.

మీ వంశచరిత్ర గురించి నాకు తెలిసినంత మనవి చేసుకుంటాను. మా ప్రాంతానికి బదిలీలు కొత్త కాదు. 1890లో రష్యా దేశపు మెనోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సంఘాల నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు నల్లగొండలో మిషన్ స్టేషన్ పెట్టారు. 1937లోనైతే మనుషుల బదిలీ చాలదన్నట్టు, మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్లనే గోడలతో, చెట్లతో, విశ్వాసులతో సహా బాప్టిస్టు మిషన్ వారు మెనోనైట్ బ్రదరన్ మిషన్ వారికి అప్పగించారు. ఇక 2016 అక్టోబర్ 11న ప్రభుత్వం కొత్త జిల్లాలు చేసినప్పుడు, నేను ఇప్పుడు పోతున్న మన్ననూరు ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కదలకుండానే మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాకు బదిలీ అయింది. అంత పెద్ద బదిలీకి ఆ ఊరి మీద ఎవరూ శాలువా కప్పినట్టు లేదు. నాకు మాత్రం ఒక్కరోజులో ఏడు కప్పారు.

మా బైబిలు గ్రంథంలోనూ మీ జాడలున్నాయి. పౌలు త్రోయ పట్టణంలో మర్నాడు బయలుదేరాల్సి ఉండి అర్ధరాత్రి దాకా ప్రసంగించగా, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రకు తూలి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. వీడ్కోలు ప్రసంగం నిడివి వల్ల ప్రాణం మీదికి వచ్చిన మొదటి శ్రోత బహుశా అతడే. మా మందిరానికి మూడో అంతస్తు లేకపోవడం ఈ సంఘానికి దేవుడు చేసిన మేలుగా నేను ఆదివారమే గుర్తించాను. గోడకు ఆనుకొని కునికిన పదిమందీ కూర్చున్నచోటనే ఒరిగారు. అదే పౌలు, కొన్నాళ్లకే మిలేతులో ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించుకొని సెలవు తీసుకుంటూ, ఎవరి వెండినీ బంగారాన్నీ వస్త్రాలనూ తాను ఆశించలేదని తన లెక్క తానే చెప్పాడు. ఆ వాక్యాన్ని నేనూ ఈ వేదిక మీద చదివాను. 'వస్త్రాలు' అన్న మాట దగ్గర నా గొంతు కొంచెం తడబడింది. సంఘమంతా అది దుఃఖమనుకున్నది. నిజానికి ఆ క్షణాన నా భుజాల మీద నాలుగు శాలువాలున్నాయి, ఐదోది విప్పుతున్న చప్పుడు వెనక నుంచి వినిపిస్తున్నది.

ఇక మీ ప్రసంగాల సంగతి. సంఘ పెద్ద ఒకరు లేచి, 'మన అయ్యగారు మోకాళ్ల మీద పడి కన్నీళ్లతో ప్రార్థిస్తేనే ఈ ఊరికి కృష్ణ నీళ్లు వచ్చినయి' అని చెప్పగానే చప్పట్లు మోగాయి. ఆయన మాటల్లో కొంత సత్యం లేకపోలేదు. నీళ్లు తెచ్చింది మిషనే. కాకపోతే అది మా మిషన్ కాదు, ప్రభుత్వం వారి మిషన్ భగీరథ. 2015లో చౌటుప్పల్‌లో దాని పైలాన్ వెలిసేనాటికి నేను ఈ ఊళ్లోనే లేను. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని చెప్పే ఫ్లోరైడు, ఇక్కడి బోర్లలో ఆ హద్దును ఏనాడో దాటింది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీళ్ల నుంచి ఫ్లోరైడును దించే విధానం నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వారిది; దానికి 'నల్లగొండ పద్ధతి' అని మా జిల్లా పేరే పెట్టారు. ఊరి పేరు శాస్త్రగ్రంథాలకెక్కింది గాని, ఊళ్లో వంగిన మోకాళ్లు వంగినట్టే ఉన్నాయి. వచ్చిన కొత్తలో నేను కూడా ఆ పద్ధతి నేర్పుతానని మందిరం వెనక రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టించాను. తర్వాత వాటిలో క్రిస్మస్ బిర్యానీకి బియ్యం నానబెట్టారు. ఈ విషయం ఏ వక్తా ప్రస్తావించలేదు. డ్రమ్ములను నేనే తెచ్చాను కాబట్టి నేనూ గుర్తుచేయలేదు.

ఇలా ఎనమండుగురు మాట్లాడిన తర్వాత, వెనక వరసలో చాప మీద కూర్చున్న ఒక స్త్రీ చేయెత్తింది. ఆమెకు నలభై ఐదేళ్లు దాటి ఉండవు. ఫ్లోరైడుకు కాళ్లు వంగి, కర్ర లేనిదే లేవలేదు. సాక్ష్యం చెప్తుందనుకొని కార్యదర్శి గారు మైకును ఆమె నోటి దగ్గరికే పట్టుకెళ్లారు. ఆమె మైకును కాదు, నన్నే చూస్తూ ఇలా చెప్పింది: 'అయ్యగారూ, నా సదరం కాయిదం మీతాన్నే ఉన్నది. గది ఇచ్చి పోండ్రి.'

వీడ్కోలు సభ గారూ, మీ నాలుగున్నర గంటల్లో నిజమైన మాట ఇదొక్కటే. రెండేళ్ల కింద ఆమె తన వికలాంగ ధ్రువపత్రాన్ని నా చేతిలో పెట్టింది. ఒక జిరాక్సు తీయించి, పింఛను దరఖాస్తుతో కలిపి ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి వస్తానని నేనే అడిగి తీసుకున్నాను. తర్వాత కన్వెన్షన్ వచ్చింది, తర్వాత ఈస్టరు వచ్చింది, ఆ తర్వాత మరుపు వచ్చి, అది మాత్రం పోలేదు.

కాగితం సందుగలో ఉంది. సందుగ ట్రాలీ ఆటోలో ఉంది. ఆటోలో దాని మీద మంచం, బియ్యం సంచి, మా ఇంటావిడ కుట్టుమిషను, కోళ్ల గంప ఉన్నాయి. సభ మొత్తం బయటికి కదిలింది. యువజన సమాజం వారు సామానంతా దించి, సందుగను మందిరం మెట్ల మీద పెట్టారు. మూత తీయగానే నాఫ్తలీను ఉండల వాసనతో పాటు మూడు ఊళ్ల శాలువాలు పైకి లేచాయి. ఒకటొకటిగా తీసి పక్కన పెడుతుంటే, పిల్లలు పైకే లెక్కపెట్టారు. ఏడో ఎనిమిదో దాకా అందరూ నవ్వారు. తర్వాత పెద్దవాళ్లు గుర్తుపట్టడం మొదలైంది. ఒక నీలం శాలువాను చూసి కోశాధికారి గారు, అది తాను నిరుడు తన వియ్యంకుడికి కప్పిందని, అది ఈ సందుగలోకి ఎట్లా వచ్చిందో తెలియడం లేదని అన్నారు. నాకు తెలుసు: వియ్యంకుడు గారు మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చి నాకు కప్పారు. పన్నెండోది చేతికి వచ్చేసరికి నేనే ఆగిపోయాను. గోధుమరంగు, ఒక మూలన నయాపైసంత తెల్లటి మైనం మరక. నాలుగేళ్ల కిందటి క్రిస్మస్ కొవ్వొత్తుల కూడికలో నా చేతిలోని కొవ్వొత్తి నుంచే ఆ చుక్క పడింది. ఆ రాత్రే దాన్ని మడిచి, మరక లోపలికి పోయేట్టు చూసి, హైదరాబాదు నుంచి వచ్చిన అతిథి ప్రసంగికుడికి కప్పాను. ఆయన ఎవరికి కప్పారో, వారు మరెవరికి కప్పారో గాని, ఎన్ని భుజాలు తిరిగిందో పాపం, చివరికి అది నా భుజం మీదికే తిరిగొచ్చింది. సువార్త ఇంత శ్రద్ధగా చేతులు మారి ఉంటే మా మిషన్‌కు నా అవసరమే ఉండేది కాదు.

కాగితం అడుగున, పాత పంచాంగపు క్యాలెండరు కింద దొరికింది. మడతల దగ్గర చిరిగింది గాని అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆమె దాన్ని రెండు చేతులా తీసుకొని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని, ఫొటో తనదేనని చూసుకొని, కొంగున ముడేసుకుంది. ఈ ఘట్టాన్ని ఎలా ముగించాలో తోచక, సంఘ పెద్ద గారు చేతికందిన ఒక శాలువాను ఆమె మీద కప్పబోయారు. ఆమె కర్ర అడ్డం పెట్టి, 'నాకు గొంగడి ఉన్నది సారూ' అని వెళ్లిపోయింది. మీ చరిత్రలో సన్మానాన్ని తిరస్కరించిన మొదటి వ్యక్తి ఆమేనేమో పరిశీలించుకోండి. మినిట్స్ పుస్తకంలో మాత్రం, 'ఒక సహోదరి కూడా కృతజ్ఞతలు తెలిపెను' అని రాశారు. నేను చూసి, సంతకం పెట్టాను.

ఒక మాట నొప్పించకుండా చెప్పాలని ఉంది. నా స్థానంలోకి వచ్చిన తమ్ముడు ఆ రోజంతా మొదటి వరసలోనే కూర్చున్నాడు. అతడికి నేను చార్జి అప్పగించాలి. నేను వచ్చినప్పుడు నాకు ముందున్నవారు పన్నెండు తాళం చెవులు, వాటిలో నాలుగింటికి సరిపోయే తాళాలు, ఒక రసీదు పుస్తకం ఇచ్చి వెళ్లారు. అందుకే నేను ఈసారి ఒక నోటు పుస్తకం రాసుకున్నాను: ఏ ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారు, ఏ ఇంటాయన బొంబాయి పనికి పోయి ఏడాదిగా డబ్బు పంపలేదు, ఏ తండాకు వర్షం పడితే బండి పోదు, ఏ ఇద్దరు అన్నదమ్ములను ఒకే గృహ ప్రార్థనకు పిలవకూడదు. దాన్ని పక్కన కూర్చొని వివరించడానికి రెండు గంటలు పట్టేది. ఆ రెండు గంటలూ మీరు నా సుగుణాలకు కేటాయించారు. ఆటో డ్రైవరు హారను కొడుతుండగా ఏడు నిమిషాల్లో పుస్తకాన్ని అతడి చేతిలో పెట్టి, 'అందులో అన్నీ ఉన్నాయి' అని చెప్పి ఎక్కాను. అందులో సదరం కాగితం సంగతి లేదు. నేను మరిచిపోయినవి రాసుకోలేదు కదా.

మన్ననూరులో మీ చెల్లెలు స్వాగత సభ గారు ఎదురుచూస్తున్నారని ఫోను వచ్చింది. ఫ్లెక్సీకి ఫొటో పంపమన్నారు. పంపాను, ఎరుపు వద్దని రాశాను. ఊరి అవతల అటవీశాఖ వారి చెక్‌పోస్టు ఉంది. పులులకు ఇబ్బంది కలగకుండా శ్రీశైలం దారిలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా బండ్లను ఆపుతారు. వక్తలంతా కొండ అవతల దోమలపెంట నుంచి వచ్చేవారైతే బాగుంటుందని, సభను సాయంత్రం ఏడింటికి పెట్టమని నేను వినయంగా సూచించాను. గేటు పడేలోపు వాళ్లు వెళ్లాలి. పులి భయమున్నచోట ఉపన్యాసాలు క్లుప్తంగా ఉంటాయని నా ఆశ.

శాలువాల లెక్క మొత్తం పంతొమ్మిది. పద్దెనిమిదిని మందిరం బీరువాలో, ఇస్త్రీ మడత చెదరకుండా పెట్టి వచ్చాను. రాబోయే అతిథులకు కొత్తవి కొనకుండా వాడుకోగలరు. మైనం మరకది మాత్రం తెచ్చుకున్నాను. పౌలు అంతటివాడే త్రోయలో విడిచివచ్చిన అంగీని తెచ్చిపెట్టమని తిమోతికి జాబు రాశాడు, చలికాలానికి ముందే రమ్మని కూడా రాశాడు. నల్లమలలో చలి ఎక్కువంటున్నారు.

మైకు సెట్టు అద్దె ఇంకా ఇవ్వలేదని కోశాధికారి గారు ఫోను చేశారు. నాలుగు గంటల సేపటికి మాట్లాడుకున్నది నాలుగున్నర గంటలు అయింది కాబట్టి ఆ అరగంటది నన్ను వేసుకోమన్నారు. పంపుతున్నాను.

ఇట్లు,
తమచేత మూడుసార్లు సన్మానింపబడిన
ఒక మిషన్ సేవకుడు