టెక్సాస్ సెనేట్‌లో ఒక మామూలు రోజు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర ఎగువ సభ అయిన సెనేట్, చర్చ లేకుండా వరుసగా బిల్లులు ఆమోదించిన ఒక రోజు గురించి రాసిన వ్యాసకర్త దాన్ని వట్టి తంతుగా కొట్టిపారేయడం సరికాదు. బేసి సంవత్సరాల్లో మాత్రమే, అదీ 140 రోజులకు మించకుండా సాగే సాధారణ సమావేశాల్లో, స్థానిక, వివాదరహిత బిల్లులను వేరే జాబితాలో పెట్టి త్వరగా ముగించకపోతే పెద్ద బిల్లులపై చర్చకు సమయమే మిగలదు. పైగా వాటి మంచిచెడ్డల విచారణ కమిటీలో జరుగుతుంది.

నా అభ్యంతరం మరొకటి. బిల్లును మూడు వేర్వేరు రోజుల్లో పఠించాలన్న రాష్ట్ర రాజ్యాంగ నియమాన్ని అత్యవసరమైతేనే ఐదింట నాలుగు వంతుల ఓటుతో సడలించాల్సి ఉండగా, 31 మంది సభ్యుల సెనేట్ ఆ సడలింపును అలవాటుగా మార్చుకుంది. డాలస్ శివార్లలో మనవాళ్లు ఇళ్లు కొనుక్కునే కొత్త కాలనీలకు నీరు, మురుగు వసతి కల్పించే ‘జిల్లాల’ (పన్ను వేసే అధికారమున్న స్థానిక సంస్థల) ఏర్పాటు బిల్లులూ ఈ దారినే వెళ్తుంటాయి. ఆ జిల్లా పన్ను తర్వాత ఇంటి పన్నులో కలిసి వస్తుంది. అలాంటి బిల్లులకైనా రెండో, మూడో పఠనాల మధ్య ఒక రోజు గడువు ఇవ్వాలి.