పిప్పి ఉన్నచోట లిగ్నైట్‌కు పనేమిటి?

ఇంధన వాడకం లెక్కలు కట్టే అంతర్జాతీయ పట్టికల్లో ఆహారం, పానీయాలు, పొగాకు మూడూ కలిపి ఒకే పరిశ్రమ. బిస్కట్టు, బీరు, సిగరెట్టు ఒకే గాటన కట్టేస్తారు. ఆ పరిశ్రమ ఎంత లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) కాల్చిందో చెప్పడానికి విడిగా ఒక వరుస ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం మిల్లుల్లో మండేది ప్రధానంగా ఊక, చెరకు పిప్పి, జీడి తొక్క. ఆ వరుసలో వాటి ఊసే ఉండదు.

మన మిల్లులు లిగ్నైట్ కాల్చకపోవడంలో గొప్పేమీ లేదు. తమిళనాడులోని నైవేలి గనుల లిగ్నైట్‌లో సగం దాకా తడే. నీళ్లను రైలెక్కించి ఇంత దూరం తెప్పించుకునే మిల్లు యజమాని ఎవరూ ఉండరు. అందుకే దాన్ని గని పక్కనే విద్యుత్ కేంద్రం కట్టి కాలుస్తారు.

జర్మనీలో కొన్ని చక్కెర ఫ్యాక్టరీలు లిగ్నైట్ మీద ఆధారపడటానికి గనులు దగ్గరగా ఉండటం ఒక్కటే కారణం కాదు. అక్కడ చక్కెర తీసేది బీట్ దుంప నుంచి. రసం పోగా మిగిలిన గుజ్జు పశువుల దాణా అవుతుంది. దాన్ని ఎండబెట్టడానికి మళ్లీ మంట కావాలి. చెరకు అలా కాదు, తన వంటచెరకు తానే తెచ్చుకుంటుంది. టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల పిప్పి వస్తుంది. అందులోనూ సగం తడే, కానీ పుట్టేది బాయిలర్ పక్కనే. 2022 జిల్లాల పునర్విభజనలో విజయనగరం జిల్లాలోకి వచ్చిన సంకిలి చక్కెర ఫ్యాక్టరీకైనా, ఊరి బెల్లం పెనానికైనా ఇదే సూత్రం. (చేతిలో ఇంధనం ఉన్నా ఆమదాలవలస, భీమసింగి ఫ్యాక్టరీలు నిలవలేదు. అది వేరే కథ.)

వడ్లలో అయిదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం మిల్లు ధాన్యం ఉడికించడానికి ఆ ఊకే చాలు. అయితే కాలిన ఊకలో దాదాపు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. చిమ్నీకి ధూళిని పట్టే ఏర్పాటు సరిగా లేకపోతే అది చుట్టుపక్కల డాబాల మీద ఆరేసిన బట్టలపైకి చేరుతుంది.

పలాస సంగతి ఇంకా ఘాటు. జీడిపిక్క తొక్కలోని నూనె చేతికి తగిలితే చర్మం కాలుతుంది. పప్పు ఒలిచే ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. పిక్కలను డ్రమ్ములో కాల్చినా, తొక్కను నూనె తీయకుండా పొయ్యిలో వేసినా ఆ ఘాటంతా పొగలో కలుస్తుంది. బొగ్గు కాదు కాబట్టి దీనికి మంచి ఇంధనమన్న పేరుంది. వాతావరణం లెక్కలో ఆ పేరు తగినదే కావచ్చు, కాశీబుగ్గ వీధిలో నిలబడిన మనిషి ముక్కుకు మాత్రం తేడా ఏమీ తెలియదు.

అనుమతులిచ్చేవారు ఇంధనం పేరు చూసి ఊరుకోకుండా పొయ్యిని చూడాలి. తొక్క నుంచి ముందుగా నూనె తీస్తే రంగుల తయారీకీ, బ్రేకు లైనింగులకూ అమ్ముడుపోతుంది, మిగిలిన పిండి తక్కువ పొగతో మండుతుంది. నాలుగు బస్తాల పిక్కలతో నడిచే చిన్న యూనిట్ ఒంటరిగా ఆ యంత్రం కొనలేదు. పది యూనిట్లకు కలిపి ఒక నూనె మిల్లు, ఒక ఉమ్మడి బాయిలర్ పెట్టిస్తే కొనాల్సిన అవసరమే రాదు. పరిశ్రమల రాయితీలు ముందుగా వెళ్లాల్సింది అక్కడికే.