ప్లేట్‌లెట్ల కన్నా ప్లాస్మా లీకేజీతోనే భయం
డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోవడమే అసలు ప్రమాదం అని ఒక వ్యాసంలో రాశారు, దాంతో నేను ఒప్పుకోను. రక్తనాళాల లోపలి పొరలో ఎండోథీలియల్ కణాలు వీఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వైరస్ వదిలే ఎన్‌ఎస్‌1 ప్రోటీన్, మన రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు కలిసి ఆ పట్టు సడలిస్తాయి, అప్పుడు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా బయటికి కారి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది, రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. కణాలు పెద్దగా చావవు, పట్టు వదులుతాయంతే. అందుకే సెలైన్ సరైన మోతాదులో ఎక్కిస్తూ లీకేజీ జరిగే ఆ 24-48 గంటలు గట్టెక్కిస్తే లీకేజీ దానంతటదే ఆగుతుంది. మా తమ్ముడికి డెంగీ వచ్చినప్పుడు, జ్వరం తగ్గిందని మేమంతా ఊపిరి పీల్చుకున్న రోజే కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. డాక్టర్ గారు ప్లేట్‌లెట్ల కన్నా, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్‌నే మళ్లీ మళ్లీ చూశారు.